కాంకార్డ్ డి లా సాల్ హైస్కూల్: చదువు, ఫుట్‌బాల్, ఆచారాలు – తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిఫోర్నియాలో శాన్ రామోన్, డబ్లిన్, ప్లెజంటన్ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లవాడు ఏడో తరగతికి వచ్చేసరికి ఈ బడి పేరు ఇంట్లో వినిపించడం మొదలవుతుంది. ఒకరు చదువు కోసం అడుగుతారు, ఇంకొకరు ఆట కోసం. ఈ బడి ఫుట్‌బాల్ జట్టు వరుసగా గెలిచిన 151 ఆటల కథ విని వివరం తెలుసుకోవాలనుకునేవాళ్ళూ ఉంటారు. ముగ్గురికీ పనికొచ్చేలా ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఫుట్‌బాల్ అన్నచోటల్లా అమెరికన్ ఫుట్‌బాల్ అనే అనుకోండి.

దీన్ని ప్రెప్ స్కూల్ అంటారు. అంటే మన ఇంటర్ కోచింగ్ లాంటిదా?

కాదు. ప్రిపరేటరీ అంటే కాలేజీకి సిద్ధం చేసే బడి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ళ హైస్కూలు ఇది. పాఠ్యక్రమమంతా యూనివర్సిటీ ప్రవేశాన్ని దృష్టిలో పెట్టుకుని అల్లుతారు. ఒక్క పరీక్ష కోసం రోజంతా తోమే పద్ధతి ఇక్కడ ఉండదు. సాహిత్యం, గణితం, సైన్సు, మత బోధన, కళలు, ఆటలు, సేవా కార్యక్రమాలు అన్నీ కలిపే లెక్క.

ఈ బడిని ఎవరు పెట్టారు?

క్రిస్టియన్ బ్రదర్స్ అని పిలిచే కాథలిక్ సోదర సంఘం 1965లో పెట్టింది. ఈ సంఘం మూలపురుషుడు ఫ్రాన్స్‌లోని రాంస్ నగరానికి చెందిన జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ (1651–1719). సంపన్న కుటుంబంలో పుట్టి ఆస్తి వదులుకుని, పేదపిల్లలకు బడులు పెట్టి, వాటిలో చెప్పే ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మనిషి. 1900లో చర్చి ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది. 1950లో ఉపాధ్యాయుల పాలక పునీతుడిగా గుర్తించింది.

కాంకార్డ్ ఊరు శాన్ ఫ్రాన్సిస్కోకు తూర్పున కాంట్రా కోస్టా కౌంటీలో ఉంది. బడి మగపిల్లల కోసం మొదలైంది. విద్యార్థులు సుమారు వెయ్యి మంది. రోడ్డుకు ఆ పక్కనే అదే ఏడు మొదలైన ఆడపిల్లల బడి కారొండలెట్ ఉంది. పై తరగతుల్లో రెండు బడుల పిల్లలు కొన్ని క్లాసులు కలిసి చదువుకుంటారు. డి లా సాల్ జట్ల పేరు స్పార్టన్స్, రంగులు ఆకుపచ్చ, వెండి.

మేం హిందువులం. మావాణ్ణి చేర్చుకుంటారా? మతం మార్చమంటారా?

చేర్చుకుంటారు, మారమని అడగరు. విజయవాడ లయోలాలోనో హైదరాబాద్ సెయింట్ పాల్స్‌లోనో చదివిన తల్లిదండ్రులకు ఈ వాతావరణం పరిచయమే.

అయితే ఒక తేడా ఉంది. మన దగ్గర మిషనరీ బళ్ళలో క్రైస్తవేతర పిల్లలకు మోరల్ సైన్స్ క్లాసుతో సరిపెడతారు. ఇక్కడి కాథలిక్ హైస్కూళ్ళలో మత బోధన మార్కులున్న సబ్జెక్టు. అది అందరూ చదవాల్సిందే. బడి మొత్తం కలిసి చేసుకునే మాస్‌కు (కాథలిక్ పూజకు) అందరూ వెళ్ళి కూర్చోవాలి. దివ్యసత్ప్రసాదం (మాస్‌లో పంచే పవిత్ర రొట్టె) మాత్రం కాథలిక్కులకే. మిగతా పిల్లలు చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని దీవెన తీసుకోవచ్చు, లేదా కూర్చున్నచోటే ఉండవచ్చు.

లసాలియన్ (డి లా సాల్ సంప్రదాయపు) బళ్ళలో క్లాసు మొదలయ్యేది ఒకే మాటతో: మనం దేవుని పవిత్ర సన్నిధిలో ఉన్నామని గుర్తుచేసుకుందాం. ఆ తరువాత ఒక నిమిషం నిశ్శబ్దం. ఆటల జట్ల ప్రార్థనలోనూ ఇదే వాక్యం వినిపిస్తుంది. ఇది మీ ఇంటికి ఇబ్బంది అనిపిస్తే దరఖాస్తుకు ముందే ఆలోచించుకోండి. చేరాక మినహాయింపు అడగడం పిల్లవాడికి కష్టం, బడికీ కష్టం.

ఇంత పేరు ఎలా వచ్చింది?

1992 సీజన్ నుంచి 2003 సీజన్ చివరిదాకా ఈ బడి ఫుట్‌బాల్ జట్టు ఒక్క ఆట కూడా ఓడలేదు. వరుసగా 151 విజయాలు. వరుసగా 12 సీజన్లు మచ్చలేకుండా ముగిశాయి. అంతకుముందు జాతీయ రికార్డు మిషిగన్ రాష్ట్రంలోని హడ్సన్ హైస్కూలుది, 72 ఆటలు. దాన్ని డి లా సాల్ 1997లో దాటింది, ఆపైన రెట్టింపు చేసి ఇంకా ముందుకు పోయింది.

హైస్కూల్ జట్టులో ఏ ఆటగాడూ నాలుగేళ్ళకు మించి ఉండడు. పన్నెండేళ్ళంటే మూడు తరాల పిల్లలు పూర్తిగా మారిపోయారు. మారనిది కోచ్‌లు, పద్ధతి. అందుకే ఈ పేజీలో విజయాల జాబితా కంటే పద్ధతికే ఎక్కువ చోటు ఇచ్చాం.

కోచ్ ఎవరు?

బాబ్ లాడసూర్. 1979లో బాధ్యత తీసుకున్నారు. అప్పటిదాకా ఈ బడి ఫుట్‌బాల్‌లో ఒక్క సీజన్‌లోనూ ఓటములకంటే గెలుపులు ఎక్కువ చూడలేదు. 2013 జనవరిలో ఆయన తప్పుకునేసరికి లెక్క 399 విజయాలు, 25 ఓటములు, 3 సమానం. ఆయన బడిలో మత బోధన కూడా చెప్పేవారు. డిఫెన్స్ చూసుకున్న టెర్రీ ఐడ్సన్ కూడా అదే సబ్జెక్టు ఉపాధ్యాయుడు. పొద్దున క్లాసులో మాట నిలబెట్టుకోవడం గురించి పాఠం చెప్పిన మనిషే సాయంత్రం మైదానంలో కనిపిస్తే పిల్లలకు ఆ పాఠం వేరుగా అర్థమవుతుంది.

చిన్న బళ్ళ మీదే గెలిచారా?

ఈ అనుమానం అప్పట్లోనూ ఉండేది. దానికి జవాబుగానే దక్షిణ కాలిఫోర్నియా పెద్ద జట్లతో ఆడారు. 1998లో మేటర్ డే మీద 28–21తో గెలిచారు. 2001 అక్టోబర్ 6న లాంగ్ బీచ్‌లో జరిగిన ఆటలో దేశంలో మొదటి, రెండో స్థానాల్లో ఉన్న జట్లు తలపడ్డాయి. లాంగ్ బీచ్ పాలీ మీద డి లా సాల్ 29–15తో గెలిచింది. ఆ రోజు నాలుగు టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం) చేసిన మారిస్ డ్రూ తరువాత మారిస్ జోన్స్-డ్రూగా అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్ఎల్‌లో పేరు తెచ్చుకున్నాడు. 2011లో లీగ్ మొత్తంలో అత్యధికంగా 1,606 గజాలు పరుగెత్తాడు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలే.

లైన్‌మెన్, అంటే ముందు వరసలో నిలబడి ప్రత్యర్థులను అడ్డుకునే ఐదుగురు, చిన్నగా ఉండేవాళ్ళు కదా, పెద్దవాళ్ళను ఎలా తోసేవాళ్ళు?

అందరినీ తోయరు. అసలు కిటుకు అక్కడే ఉంది.

వాళ్ళు ఆడే పద్ధతి స్ప్లిట్ బ్యాక్ వీర్. క్వార్టర్‌బ్యాక్ (బంతి ముందుగా అందుకుని ఆట నడిపేవాడు) వెనక ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు (బంతితో పరుగెత్తేవాళ్ళు) చెరో పక్క, చెరొక గార్డ్ (ముందు వరసలో మధ్యవాడి పక్కనుండే లైన్‌మన్) వెనక నిలబడతారు. బంతి లేచాక మూడు దారులు ఉంటాయి. ఏ దారో ముందే నిర్ణయించరు.

మొదటి దారిలో దగ్గరి బ్యాక్ గార్డ్‌కూ టాకిల్‌కూ (గార్డ్‌కు బయట పక్కనుండే లైన్‌మన్) మధ్య సందులోకి నేరుగా దూసుకుపోతాడు. క్వార్టర్‌బ్యాక్ బంతిని అతని పొట్ట మీద పెడతాడు, కానీ వదలడు. ఇద్దరూ కలిసి ఒకటిన్నర అడుగు వేస్తారు. ఆ క్షణంలో క్వార్టర్‌బ్యాక్ కళ్ళు ఒకే మనిషి మీద ఉంటాయి: టాకిల్‌కు ఎదురుగా గానీ బయట గానీ నిలబడ్డ ప్రత్యర్థి. అతన్ని ఎవరూ అడ్డుకోరు, కావాలనే వదిలేస్తారు. అతను లోపలికి తిరిగి బ్యాక్ మీదికి వస్తే క్వార్టర్‌బ్యాక్ బంతిని వెనక్కి లాక్కుంటాడు. రాకపోతే వదిలేస్తాడు.

లాక్కుంటే ఆట బయటికి పోతుంది. అక్కడ ఇంకొక ప్రత్యర్థి ఉంటాడు. అతను క్వార్టర్‌బ్యాక్ మీదికి వస్తే బంతి రెండో బ్యాక్‌కు విసరాలి, ఇది మూడో దారి. అతను రెండో బ్యాక్ వైపు జరిగితే క్వార్టర్‌బ్యాకే బంతి పట్టుకుని లోపలికి తిరిగి పరుగెత్తాలి, ఇది రెండో దారి.

ఇద్దరు ప్రత్యర్థులను అడ్డుకోనవసరం లేకపోతే, వాళ్ళ కోసం కేటాయించాల్సిన ఇద్దరు లైన్‌మెన్ మిగులుతారు. వాళ్ళు లోపలికి వెళ్ళి ఒక పెద్దవాడి మీద ఇద్దరుగా పడవచ్చు, లేదా ప్రత్యర్థి ముందు వరస వెనక నిలబడే లైన్‌బ్యాకర్ దగ్గరికి పోవచ్చు. బరువు కంటే వేగం, కోణం ముఖ్యమయ్యేది ఇందుకే. డి లా సాల్ లైన్‌మెన్‌లో చూడాల్సింది మొదటి అడుగు: ఐదుగురూ ఒకే మనిషిలా, నడుం కిందికి ఉంచి, ప్రత్యర్థి భుజాల కిందనుంచి లేస్తారు.

చెడేది ఎక్కడంటే:

- పొట్ట దగ్గర బంతి జారిపోవడం. అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇది. బ్యాక్ బంతిని బిగించి పట్టేస్తే క్వార్టర్‌బ్యాక్ లాక్కోలేడు. బ్యాక్ చేతులు బంతి చుట్టూ మెత్తగా మూయాలి. క్వార్టర్‌బ్యాక్ చేతులు తప్పుకున్నాయని తెలిశాకే బిగించాలి.
- అలిసిపోయిన లైన్‌మెన్ దగ్గరదగ్గరగా నిలబడటం. మూడో క్వార్టర్‌లో ఇది మొదలవుతుంది. సందు కుంచించుకుపోతే, వదిలేసిన ప్రత్యర్థి ఒక్క అడుగులో బ్యాక్‌నూ క్వార్టర్‌బ్యాక్‌నూ ఇద్దరినీ పట్టేస్తాడు.
- విసిరే బంతి అందుకోవాల్సిన బ్యాక్ క్వార్టర్‌బ్యాక్‌కు మరీ దగ్గరికి రావడం. నాలుగైదు గజాల ఎడం లేకపోతే ఒకే ప్రత్యర్థి ఇద్దరినీ కాచుకుంటాడు.
- క్వార్టర్‌బ్యాక్ ముందే ఊహించేయడం. చూసి నిర్ణయించాల్సినదాన్ని ఊహించి ఆడితే మొదటి రెండుసార్లు కుదురుతుంది, మూడోసారి బంతి పోతుంది.

వీటికి ఉన్న మందు ఒక్కటే, మళ్ళీ మళ్ళీ చేయడం. ప్లేబుక్ (జట్టు ఎత్తుల జాబితా) సన్నగా ఉంచి, ఉన్న కొద్ది ఆటలనే వందలసార్లు చేస్తారు.

కమిట్‌మెంట్ కార్డ్ అంటే ఏమిటి?

ఈ బడి ఆచారాలన్నిటిలో మేం అన్నిటికంటే గౌరవించేది ఇదే. అందుకే వివరంగా చెబుతాం.

సీజన్‌లో ప్రతి వారం ప్రతి ఆటగాడూ ఒక చిన్న కార్డు మీద మూడు లక్ష్యాలు రాస్తాడు. ఒకటి శరీర దారుఢ్యానికి, ఒకటి ప్రాక్టీసుకు, ఒకటి ఆటకు. గురువారం రాత్రి జట్టంతా కలిసి భోజనం చేస్తారు. తరువాత ఒక్కొక్కరూ లేచి, తన తోటి ఆటగాడిని ఎదురుగా నిలబెట్టి, కళ్ళలోకి చూస్తూ ఆ కార్డు చదివి, దాన్ని అతని చేతిలో పెడతాడు. కార్డు ఇక రాసినవాడిది కాదు, అందుకున్నవాడిది. మరుసటి వారం మాట నిలబడిందో లేదో చెప్పాల్సింది అందుకున్నవాడే.

కోచ్‌కు ఇచ్చిన మాట తప్పితే తిట్లతో పోతుంది. పక్కన నిలబడేవాడికి ఇచ్చిన మాట తప్పితే నిద్ర పట్టదు. పదహారేళ్ళ కుర్రాళ్ళు ఒకరి ముందు ఒకరు నిలబడి, గొంతు వణుకుతుంటే, "ఇది నీ కోసం చేస్తాను" అని చెప్పగలిగే చోటు బడిలో వేరే ఎక్కడా దొరకదు.

ఆ కార్డు మా జట్టులో పెట్టుకోవచ్చా?

తప్పకుండా. కాకినాడ కాలేజీ కబడ్డీ జట్టుకైనా, వరంగల్ అకాడమీ క్రికెట్ జట్టుకైనా పనికొస్తుంది. పోస్టుకార్డులో సగం ఉన్న అట్టముక్కలు చాలు. రాయడంలోనే అంతా ఉంది. "బాగా ఆడతాను" అని రాస్తే అది లక్ష్యం కాదు, వారం తరువాత నిలబడిందో లేదో ఎవరూ చెప్పలేరు. "ఈ వారం నాలుగు రోజులూ ప్రాక్టీసుకు పది నిమిషాలు ముందొచ్చి కుడికాలు టో టచ్ ముప్ఫైసార్లు చేస్తాను" అని రాస్తే లెక్క తేలుతుంది.

మూడు జాగ్రత్తలు తీసుకోండి. లక్ష్యం ఆటగాడి చేతిలో ఉన్నదై ఉండాలి. "రెండు వికెట్లు తీస్తాను" అన్నది అతని చేతిలో లేదు, "ఓవర్‌కు నాలుగు బంతులు ఆఫ్ స్టంప్ బయట పడేస్తాను" అన్నది ఉంది. జంటలను ప్రతి వారం మార్చండి, లేకపోతే స్నేహితులు ఒకరినొకరు కాచుకుంటారు. మాట తప్పినవాడికి శిక్ష వేయకండి. శిక్ష ఉందని తెలిస్తే మరుసటి వారం అందరూ చేతికందే చిన్న లక్ష్యాలే రాస్తారు, కార్డు చచ్చిపోతుంది.

చేతులు పట్టుకుని మైదానంలోకి నడుస్తారట, నిజమేనా?

నిజమే. ఆటకు ముందు ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని, వరసగా, మాట్లాడకుండా నడిచి వస్తారు. పొగలు, బాణసంచా, అరుపులు ఉండవు. చూసే జట్టుకు ఆ మౌనమే భయం పుట్టిస్తుందని అంటారు, కానీ ఉద్దేశం అది కాదు. గురువారం చదివిన కార్డుకు ఇది కొనసాగింపు.

ఆ వరుస ఎలా ఆగింది?

2004 సెప్టెంబర్ 4న సియాటిల్‌లో బెల్‌వ్యూ హైస్కూల్ 39–20తో ఓడించింది. ఆ ఆటకు మూడు వారాల ముందు, ఆగస్టు 12న, అంతకుముందు సీజన్ ఆడి ఓరిగన్ యూనివర్సిటీకి బయల్దేరబోతున్న టెరెన్స్ కెల్లీని రిచ్మండ్‌లో కాల్చి చంపారు. తోటివాళ్ళు ఆ దుఃఖంతోనే సీజన్ మొదలుపెట్టారు. అతని తండ్రి తరువాత రిచ్మండ్ పిల్లల కోసం కొడుకు పేరు మీద ఒక సంస్థ నడిపారు. ఓటమి గురించి అడిగేవాళ్ళకు ఈ సంగతి ముందు చెప్పడం మా అలవాటు.

సినిమాలో చూపించిన క్రమం అదేనా?

ఈ జట్టు మీద 2014లో వచ్చిన హాలీవుడ్ చిత్రం "వెన్ ది గేమ్ స్టాండ్స్ టాల్"లో లాంగ్ బీచ్ పాలీ ఆట బెల్‌వ్యూ ఓటమి తరువాత వస్తుంది. నిజానికి అది మూడేళ్ళ ముందు, వరుస విజయాల మధ్యలో జరిగింది.

ఇప్పుడూ అలాగే గెలుస్తున్నారా?

ఉత్తర కాలిఫోర్నియాలో చాలాకాలం అవును. 1991 చివర్లో పిట్స్‌బర్గ్ హైస్కూల్ చేతిలో ఓడాక, ఆ ప్రాంతపు జట్టు ఏదీ వాళ్ళను మళ్ళీ ఓడించడానికి 2021 సెప్టెంబర్ దాకా పట్టింది. మౌంటెన్ వ్యూలోని సెయింట్ ఫ్రాన్సిస్ 31–28తో ఆ పని చేసింది. మధ్యలో 318 ఆటలు.

రాష్ట్ర స్థాయిలో 2007లో, 2009 నుంచి 2012 దాకా ఏటా, మళ్ళీ 2014, 2015ల్లో గెలిచారు. 2016 నుంచి 2019 దాకా నాలుగు ఫైనల్స్‌లోనూ దక్షిణాది బళ్ళు సెయింట్ జాన్ బాస్కో, మేటర్ డే చేతుల్లో ఓడారు. ఆ రెండూ కాథలిక్ బళ్ళే. లాస్ ఏంజిలిస్, ఆరెంజ్ కౌంటీ లాంటి మహానగర జనాభా నుంచి ఆటగాళ్ళు వచ్చే జట్లతో సమానంగా నిలబడటం ఇప్పుడు కష్టం. ఆ వాస్తవాన్ని దాచనవసరం లేదు.

ఆటగాళ్ళను వెతికి తెచ్చుకుంటారని విన్నాం.

కాలిఫోర్నియా బడుల ఆటల సమాఖ్య సీఐఎఫ్ నియమాల ప్రకారం ఆట కోసం విద్యార్థిని ప్రలోభపెట్టి చేర్చుకోవడం నిషేధం. ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వడమూ నిషేధమే. ఆర్థిక సాయం కుటుంబ అవసరాన్ని బట్టి ఇస్తారు. ప్రైవేటు బడి కాబట్టి ఏ ఊరి నుంచైనా చేరవచ్చు, ప్రభుత్వ బడులకు మామూలుగా ఆ వీలు ఉండదు. ఫిర్యాదుల్లో ఎక్కువభాగం ఈ తేడా నుంచే పుట్టాయి. మీ దగ్గరికి ఎవరైనా కోచ్ వచ్చి చోటు ఇప్పిస్తాననో ఫీజు తగ్గిస్తాననో చెబితే ఒప్పుకోకండి. నష్టపోయేది మీ పిల్లవాడి అర్హతే.

ప్రవేశం ఎలా? ఏ పరీక్ష రాయాలి?

తొమ్మిదో తరగతి ప్రవేశానికి పని ఎనిమిదో తరగతి మొదట్లోనే మొదలవుతుంది. శరదృతువులో ఓపెన్ హౌస్‌లు (కుటుంబాలు వచ్చి బడి చూసే రోజులు) పెడతారు. పిల్లవాడు ఒక రోజంతా అక్కడి విద్యార్థి వెంట తిరిగే షాడో డే అడగండి, ఏ బ్రోషరూ చెప్పని సంగతులు ఆ ఒక్క రోజులో తెలుస్తాయి. ఏడు, ఎనిమిది తరగతుల గ్రేడ్లు, ఉపాధ్యాయుల సిఫారసులు, ఇంటర్వ్యూ, వ్యాసం, పరీక్ష అన్నీ కలిపి చూస్తారు. గడువు తేదీలు ఏటా మారతాయి, బడి వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

అమెరికా కాథలిక్ హైస్కూళ్ళు ఎక్కువగా వాడే పరీక్ష హెచ్ఎస్‌పీటీ (హైస్కూల్ ప్లేస్‌మెంట్ టెస్ట్). మామూలు రూపంలో ఐదు భాగాలు, 298 ప్రశ్నలు, 141 నిమిషాలు:

- వెర్బల్: 60 ప్రశ్నలు, 16 నిమిషాలు
- క్వాంటిటేటివ్: 52 ప్రశ్నలు, 30 నిమిషాలు
- రీడింగ్: 62 ప్రశ్నలు, 25 నిమిషాలు
- గణితం: 64 ప్రశ్నలు, 45 నిమిషాలు
- లాంగ్వేజ్: 60 ప్రశ్నలు, 25 నిమిషాలు

మన పిల్లలు గణితం మీద నమ్మకంతో వెళ్ళి వెర్బల్‌లో దెబ్బతింటారు. ప్రశ్నకు 16 సెకన్లే. తెలియని పదం దగ్గర ఆగిపోతే చివరి పదిహేను ప్రశ్నలు చూడకుండానే గంట కొడతారు. తప్పు జవాబుకు మార్కు కోయరు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకూడదు. ఇంట్లో టైమర్ పెట్టి వెర్బల్ ఒక్కటే వారానికి మూడుసార్లు, ఆరు వారాలు చేయించండి. మిగతా భాగాలకు పూర్తి నమూనా పరీక్షలు రెండు మూడు చాలు.

మావాడు ఆడాలంటే అర్హత ఏమిటి?

సీఐఎఫ్ నియమాలు రాష్ట్రమంతటికీ ఒకటే. సగటు గ్రేడ్ 4.0కి కనీసం 2.0 ఉండాలి. అంతకుముందు గ్రేడింగ్ కాలంలో 20 సెమిస్టర్ క్రెడిట్లకు సమానమైన చదువు పాసై ఉండాలి. ఏటా డాక్టరు పరీక్ష కావాలి. హైస్కూల్ మొదలయ్యాక వరుసగా ఎనిమిది సెమిస్టర్ల దాకానే ఆడవచ్చు. జూన్ 15కు ముందే 19 నిండితే తరువాతి ఏడు ఆడలేరు.

ఇండియా నుంచి వచ్చి ఒక తరగతి వెనక్కి చేరిన పిల్లలకు ఈ చివరి రెండూ అడ్డు తగలవచ్చు. పుట్టినతేదీ, పాత బడి రికార్డులు ముందే అథ్లెటిక్ ఆఫీసులో చూపించండి.

తొమ్మిదో తరగతి వేరే బడిలో చదివి తరువాత మారితే?

ఇల్లు మారకుండా బడి మాత్రం మారితే వర్సిటీ (బడి ప్రధాన) జట్టులో దాదాపు సగం సీజన్ కూర్చోబెడతారు. కుటుంబమంతా నిజంగా ఇల్లు మారితే అది వర్తించకపోవచ్చు. ఇక్కడ చాలామంది చేసే తప్పు బంధువుల చిరునామా ఇవ్వడం. అబద్ధపు కాగితం బయటపడితే సగం సీజన్‌తో పోయేది 24 నెలల దాకా పోవచ్చు, జట్టు గెలిచిన ఆటలూ రద్దు కావచ్చు.

ఫుట్‌బాల్ అంటే తలకు దెబ్బలు కదా? పంపాలా వద్దా?

భయపడటంలో తప్పేం లేదు. తలదెబ్బ ప్రమాదం నిజం. తెలుసుకుని నిర్ణయించండి.

కాలిఫోర్నియా చట్టం ప్రకారం 2015 నుంచి ఒంటికి ఒళ్ళు తగిలే ప్రాక్టీసు వారానికి రెండుసార్లకు మించకూడదు, ఒక్కోసారి 90 నిమిషాలకు మించకూడదు. సీజన్ కాని రోజుల్లో అసలు ఉండకూడదు. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, ఆ రోజుకు ఆట ముగిసినట్టే. తిరిగి రావాలంటే శిక్షణ పొందిన వైద్యుడి లిఖిత అనుమతి కావాలి. కంకషన్ (తలదెబ్బతో మెదడు అదరడం) అని తేలితే మెట్టు మెట్టుగా, కనీసం ఏడు రోజుల పాటు: ముందు నడక, తేలికపాటి సైకిల్, తరువాత పరుగు, ఆపైన తగలకుండా ప్రాక్టీసు, తరువాత తగిలే ప్రాక్టీసు, చివరికి ఆట. ఏ మెట్టులోనైనా తలనొప్పి మళ్ళీ వస్తే వెనక్కి దిగాలి.

ఇంట్లో మీరు చూడాల్సినవి: వెలుతురు భరించలేకపోవడం, అడిగిందే మళ్ళీ అడగడం, కారణం లేని చిరాకు, నిద్ర తేడా, చదువుతుంటే తలనొప్పి. వాంతులు ఆగకపోయినా, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించినా, లేపితే సరిగా లేవకపోయినా వెంటనే 911కు ఫోన్ చేయండి. జట్టులో చోటు పోతుందని పిల్లలు లక్షణాలు దాస్తారు. "నువ్వు చెబితే కోప్పడను" అని సీజన్ మొదలయ్యే ముందే చెప్పి ఉంచండి.

హెల్మెట్ సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందుభాగం కనుబొమలకు రెండు వేళ్ళ పైన ఉండాలి. ముందు పట్టీని పట్టుకుని పక్కలకు తిప్పితే నుదుటి చర్మం హెల్మెట్‌తో పాటు కదలాలి. చర్మం నిలిచి హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులు. బుగ్గల దగ్గర మెత్తలు రెండు పక్కలా తాకాలి. గడ్డం పట్టీ నాలుగు చోట్లా బిగించాలి, రెండే పెట్టుకుని తిరిగే కుర్రాళ్ళు ప్రతి జట్టులో ఉంటారు. జుట్టు కత్తిరించుకున్నాక మళ్ళీ చూడండి, చాలామంది మరిచిపోయేది అదే.

మావాడు బక్కగా ఉంటాడు. వేరే ఆటలు ఉన్నాయా?

ఉన్నాయి. బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, సాకర్, ఈత, వాటర్ పోలో, ట్రాక్, క్రాస్ కంట్రీ, రెజ్లింగ్, టెన్నిస్, వాలీబాల్, లక్రాస్, గోల్ఫ్. 1996లో ఎన్‌బీఏ డంక్ పోటీ గెలిచిన బ్రెంట్ బ్యారీ ఈ బడి విద్యార్థే. క్రాస్ కంట్రీకీ రెజ్లింగ్‌కీ బరువు అడ్డం కాదు. రెజ్లింగ్‌లో బరువును బట్టే జత కలుపుతారు.

బడి ఈస్ట్ బే అథ్లెటిక్ లీగ్‌లో ఉంది. డఘర్టీ వ్యాలీ, డబ్లిన్, అమడార్ వ్యాలీ హైస్కూళ్ళు కూడా అదే లీగ్. కాబట్టి ఎదుటి జట్టులో మీ వీధి పిల్లలే ఉండవచ్చు.

ఆటలు, చదువు, ప్రయాణం: రోజులో సమయం సరిపోతుందా?

సీఐఎఫ్ నియమం ప్రకారం సీజన్‌లో ప్రాక్టీసు వారానికి 18 గంటలు, రోజుకు 4 గంటలు మించకూడదు. డబ్లిన్ నుంచి కాంకార్డ్ ఇరవై మైళ్ళకు అటూ ఇటూ, కానీ ఐ-680 మీద పొద్దున రద్దీలో దాన్ని మైళ్ళలో కొలవలేం. కుర్రాడు ఇంటికి చేరేసరికి ఏడు దాటుతుంది. కార్‌పూల్ ముందే కుదుర్చుకోండి. కారులో రెండో డబ్బా అన్నం ఉంచండి, ఇంటికొచ్చి తినేదాకా ఆగలేరు. శాకాహారి అయితే జట్టు భోజనం వండే కుటుంబానికి వారం ముందే చెప్పండి, ఆ రోజు చెబితే వాడికి సలాడ్ ఒక్కటే మిగులుతుంది.

మొదటిసారి ఆట చూడటానికి వెళ్తున్నాం. ఏం చూడాలి?

ఆటలు ఎక్కువగా శుక్రవారం రాత్రి. హైస్కూల్‌లో 12 నిమిషాల క్వార్టర్లు నాలుగు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోతే మళ్ళీ నాలుగు దొరుకుతాయి, ఈ ఒక్క నియమం తెలిస్తే మొదటి ఆటకు చాలు. వేసవి ఎండ తగ్గగానే కాంకార్డ్‌లో రాత్రి చలిగా ఉంటుంది, స్వెట్టర్ తీసుకెళ్ళండి. అరగంట ముందు చేరితే చేతులు పట్టుకుని నడిచే వరస కనిపిస్తుంది.

ఆట మొదలయ్యాక బంతి వెనక కళ్ళు పరుగెత్తించకండి. మొదటి పది నిమిషాలు ఆకుపచ్చ జెర్సీల్లోని ఐదుగురు లైన్‌మెన్ పాదాలనే చూడండి. బంతి కదిలిన క్షణాన పది పాదాలూ ఒకేసారి లేస్తే, ఆ తరువాత బంతి ఎవరి దగ్గర ఉందో వెతకడం మొదలుపెట్టండి.